ఎర్ర రంగు వెలిసే పరీక్ష: మర్రిగూడ అమ్మాయి విదేశీ మాస్టర్స్ కేసు

2023 జూన్‌లో ఒక మధ్యాహ్నం నల్లగొండ గడియారం సెంటర్ దగ్గరున్న మా ఆఫీసుకు తండ్రీకూతుళ్లు వచ్చారు. వాళ్లది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. అయిదెకరాల బత్తాయి తోట, బీసీ కుటుంబం. తండ్రి చేతిలోని ప్లాస్టిక్ కవర్లో పట్టాదారు పాసుపుస్తకం, కూతురి బీటెక్ మెమోలు, హైదరాబాద్‌లోని ఒక కన్సల్టెన్సీ ఇచ్చిన రంగుల కాగితం ఉన్నాయి. ఆ కాగితంలో అయిదు అమెరికా యూనివర్సిటీల పేర్లున్నాయి. అయిదింటికీ ఒకటే కోర్సు, డేటా అనలిటిక్స్. కింద పెన్నుతో 'మొత్తం 45 లక్షలు' అని రాసి రెండు గీతలు కొట్టారు.

"సారూ, పాసుబుక్కు పెడితే బ్యాంకోళ్లు లోనిస్తరా, ఇయ్యరా? గదొక్కటి చెప్పుండ్రి, మిగిలినయన్నీ ఆల్లే చూసుకుంటమన్నరు" అన్నాడాయన.

అమ్మాయి చదివింది సివిల్. జేఎన్టీయూహెచ్ అనుబంధ కాలేజీ, ఆర్18 (2018లో మొదలైన) సిలబస్, సీజీపీఏ 7.4. పాసయ్యాక ఏడాదిగా తాగునీటి పరీక్షల ల్యాబ్‌లో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం చేస్తోంది. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. ఆనవాళ్లు పట్టించే వివరాలు మాత్రం తీసేశాను.

విదేశీ కోర్సుల సలహా ఇచ్చే పనిలోకి రాకముందు నేను ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పాను. ఆ అలవాటు కొద్దీ ఎవరు వచ్చినా ముందు దేశం గురించి అడగను, మెమోలు ముందు పెట్టుకుని ఏ సబ్జెక్టు ఎందుకు నచ్చిందో అడుగుతాను. ఈ అమ్మాయి మొదట ముక్తసరిగా జవాబులిచ్చింది. డేటా అనలిటిక్స్ ఎందుకంటే "స్కోప్ ఉందన్నరు సార్" అంది. ల్యాబ్‌లో ఏం చేస్తావని అడిగాక మనిషే మారిపోయింది. ఫ్లోరైడ్ పరీక్ష ఎట్లా చేస్తారో చెప్పడం మొదలుపెట్టింది. శాంపిల్లో స్పాండ్స్ ద్రావణం కలిపితే ఎర్రగా ఉంటుందట. ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఆ ఎరుపు అంత వెలిసిపోతుందట.

"మామూలుగ రంగొస్తే రోగమనుకుంటం గద సార్, దీంట్ల రంగు పోతే రోగం. మా నాయనమ్మ తాగిన బోరు నీళ్లు ఒకసారి తెచ్చి చేసిన. జెర సేపట్లనే తేలిపోయింది" అంది. నాయనమ్మకు నడుం వంగి ఇరవై ఏళ్లు దాటిందని తండ్రి అందుకున్నాడు.

అక్కడే నాకు కేసు తెలిసిపోయింది. ఈ పిల్ల చదవాల్సింది నీళ్లు. ఆ రంగుల కాగితంలో నీళ్ల కోర్సు ఒక్కటి కూడా లేదు.

ఎందుకు లేదో తల్లిదండ్రులందరికీ తెలియాలి. ఫీజు తీసుకోకుండా ఉచితంగా సేవ చేస్తామనే కన్సల్టెన్సీలకు ఆదాయం యూనివర్సిటీలు ఇచ్చే కమిషన్ నుంచి వస్తుంది. కమిషన్ ఇచ్చే యూనివర్సిటీలే లిస్టులోకి ఎక్కుతాయి. జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లాంటివి సాధారణంగా ఎవరికీ కమిషన్ ఇవ్వవు కాబట్టి ఆ లిస్టుల్లో కనపడవు. ఆ వ్యాపారం చట్టవిరుద్ధమేమీ కాదు. కానీ మర్రిగూడ నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి ఆ లిస్టునే ప్రపంచమంతా అనుకుంటాడు, అదే నాకు బాధ.

అమెరికా వద్దని నేనెవరికీ చెప్పను. కంప్యూటర్ సైన్స్ చదివి, ఆ పని మీద ఇష్టమున్న పిల్లలను ఏటా పంపుతూనే ఉన్నాను. అక్కడ మాస్టర్స్ అయ్యాక 12 నెలల ఓపీటీ, అంటే అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఉంటుంది, కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు పొడిగించుకోవచ్చు. అయితే స్టెమ్ అవునా కాదా అన్నది కోర్సు పేరును బట్టి తేలదు, ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద పడే సీఐపీ అనే కోర్సుల వర్గీకరణ కోడ్‌ను బట్టి తేలుతుంది. పోయినేడు మహబూబ్‌నగర్ నుంచి ఒక బీఫార్మసీ అమ్మాయి పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ కోసం వచ్చింది. జనరల్ పబ్లిక్ హెల్త్ కోడ్ స్టెమ్‌లో లేదు, ఎపిడెమియాలజీ ఉంది, బయోస్టాటిస్టిక్స్ ఉంది. ఒకే డిపార్ట్‌మెంటు, పక్కపక్క గదులు, ఉద్యోగానికి దొరికే గడువులో రెండేళ్ల తేడా. ఆ అమ్మాయికి గణితం బాగుంది కాబట్టి ఎపిడెమియాలజీ వైపు మళ్లించాం.

మన అమ్మాయి విషయంలో అమెరికా లిస్టుకు మూడు అడ్డంకులు కనపడ్డాయి. సివిల్ నుంచి డేటా అనలిటిక్స్‌కు వెళ్తే చాలాచోట్ల ముందు బ్రిడ్జి కోర్సులు చదవమంటారు, వాటికి ఫీజు వేరే. రెండోది డబ్బు. తండ్రి ధైర్యమంతా ఆ పాసుపుస్తకం మీదే ఉంది. వ్యవసాయ భూమిని విద్యా రుణానికి తాకట్టుగా బ్యాంకులు సాధారణంగా తీసుకోవు. బాకీ ఎగ్గొడితే ఆస్తి స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు, అందుకే. ఇల్లో, అప్రూవ్డ్ లేఅవుట్‌లో ప్లాటో ఉండాలి. వీళ్ల ఇల్లు గ్రామకంఠంలో, అంటే విడి పట్టాలుండని ఊరి నివాస స్థలంలో ఉంది, అదీ కుదరదు. తాకట్టు లేకుండా ప్రభుత్వ బ్యాంకుల్లో మామూలుగా 7.5 లక్షల దాకా వస్తుంది. 45 లక్షలకు అది ఏ మూలకు? మిగతాది నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్లో తేవాలి, లేదంటే తోట అమ్మాలి. మూడో అడ్డంకి, ఆ చదువు మీద ఆమెకు ఇష్టం లేదు. ఈ మాట తండ్రి ముందు ఆమె అనలేదు. వారం తర్వాత ఒక్కతే వచ్చి చెప్పింది.

ఆ నెల రోజులూ ఇద్దరం కలిసి వెతికాం. నీటి చదువు బయటి దేశాల్లో ఎంత విస్తారంగా ఉందో మన దగ్గర చాలామందికి తెలియదు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ నగరంలో ఐహెచ్ఈ డెల్ఫ్ట్ అని నీటి విద్యకే అంకితమైన సంస్థ ఉంది. ఇంగ్లండ్‌లో క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ వాటర్ అండ్ వేస్ట్‌వాటర్ ఇంజినీరింగ్‌లో ఏడాది మాస్టర్స్ నడుపుతోంది. స్వీడన్‌లో లుండ్, బెల్జియంలో ల్యువెన్, బ్రసెల్స్ విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే వాటర్ రిసోర్సెస్ ఇంజినీరింగ్ ఉన్నాయి. జర్మనీలో డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీలో హైడ్రో సైన్స్ అండ్ ఇంజినీరింగ్, స్టుట్‌గార్ట్‌లో వాటర్ రిసోర్సెస్ ఇంజినీరింగ్ అండ్ మేనేజ్‌మెంట్ ఇంగ్లిష్‌లోనే చెబుతారు. భూగర్భ జలాల మీద గ్రౌండ్‌వాచ్ అనే ఎరాస్మస్ ముండుస్ (యూరోపియన్ యూనియన్ సాయంతో పలు యూనివర్సిటీలు కలిసి నడిపే) కోర్సు లిస్బన్, డెల్ఫ్ట్, డ్రెస్డెన్ మూడు ఊళ్లలో తిప్పి చదివిస్తుంది. స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు.

ఫీజులు చూశాక ఇంగ్లండ్, నెదర్లాండ్స్ పక్కకు పోయాయి. ఎరాస్మస్‌కు దరఖాస్తు పెట్టాం, స్కాలర్‌షిప్ రాలేదు. జర్మనీ మిగిలింది. అక్కడ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఎక్కువచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. స్టుట్‌గార్ట్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలపు సెమిస్టర్ నుంచి తీసుకోవడం మొదలుపెట్టింది. 'జర్మనీలో చదువు ఫ్రీ' అన్న మాట విని ఎవరూ బయల్దేరొద్దు, ఏ రాష్ట్రం, ఏ యూనివర్సిటీ అని చూసుకోవాలి.

ఇక మార్కుల లెక్క. జర్మనీలో 1 అత్యుత్తమం, 4 బొటాబొటి పాస్. మన మార్కులను దాంట్లోకి మార్చడానికి బవేరియన్ సూత్రం వాడతారు. గరిష్ఠ గ్రేడు నుంచి మన గ్రేడు తీసేసి, దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడుకూ ఉన్న తేడాతో భాగించి, మూడుతో గుణించి, ఒకటి కలపాలి. ఆర్18లో పాస్ గ్రేడు 5. అంటే 10 లోంచి 7.4 పోతే 2.6, దాన్ని 5తో భాగిస్తే 0.52, మూడింతలు 1.56, ఒకటి కలిపితే 2.56. చాలా కోర్సులు 2.5 దగ్గర గీత గీస్తాయి. 7.5 ఉంటే సరిగ్గా 2.5 వచ్చేది. నాలుగేసి క్రెడిట్ల నాలుగు సబ్జెక్టుల్లో ఒక్కో గ్రేడు పెరిగితే అందే గీత అది. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆమె మాట్లాడలేదు, మెమోలు తిరగేసుకుంటూ కూర్చుంది. గట్టి గీత ఉన్న కోర్సులన్నీ కొట్టేసి, ఉద్యోగ అనుభవాన్నీ, ఈ కోర్సే ఎందుకో విద్యార్థి రాసే మోటివేషన్ లెటర్‌నూ కలిపి చూసే కోర్సులను పట్టుకున్నాం.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది, అది నాదే. జర్మన్ కోర్సులు ఏ డిగ్రీ అని ఒక్కటే అడగవు. గణితంలో ఇన్ని క్రెడిట్లు, ద్రవగతి శాస్త్రంలో ఇన్ని అని విడివిడిగా అడుగుతాయి. మన నాలుగేళ్ల బీటెక్ 160 క్రెడిట్లు, యూరప్ లెక్కలో నాలుగేళ్లంటే 240 ఈసీటీఎస్ (అక్కడి క్రెడిట్ల కొలత). అంటే మన ఒక క్రెడిట్ ఒకటిన్నర. మొదటి యూనివర్సిటీ గణితంలో 20 ఈసీటీఎస్ అడిగింది. ఆమెకు మ్యాథ్స్ రెండు పేపర్లు, ప్రాబబిలిటీ ఒకటి, ఒక్కోటి నాలుగు క్రెడిట్లు. మూడు పేపర్లున్నాయి కదా, సరిపోతుందిలే అనుకుని పంపించేశాను. పన్నెండును ఒకటిన్నరతో గుణిస్తే పద్దెనిమిదే. రెండు తగ్గాయని తిరస్కరిస్తూ మెయిల్ వచ్చింది. పన్నెండేళ్ల పిల్లవాడు వేసే లెక్క నేను వేయలేదు. పోయింది దరఖాస్తు డబ్బే అయినా, ఆ మెయిల్ వచ్చిన రాత్రి ఆమె ఇక వద్దనుకుందట. ఆ మాట ఆర్నెల్ల తర్వాత చెప్పింది.

ఆ రోజు నుంచి మా ఆఫీసులో ప్రతి కేసుకూ ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఎడమ పేజీలో విద్యార్థి చదివిన ప్రతి సబ్జెక్టు, దాని క్రెడిట్లు, యూనిట్ల వారీగా సిలబస్ రాస్తాం. కుడి పేజీలో అక్కడి కోర్సు అడిగేది, అక్కడి మాడ్యూల్ హ్యాండ్‌బుక్‌లో చెప్పేది. ఈ హ్యాండ్‌బుక్ ప్రతి జర్మన్ కోర్సుకూ ఉంటుంది, వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ దొరుకుతుంది. ఏ సెమిస్టర్‌లో ఏం చెబుతారు, పరీక్ష రాతదా మౌఖికమా, ఎన్ని గంటల చదువు, అన్నీ అందులో ఉంటాయి. కోర్సు పేరు చూసి చేరడం అట్ట చూసి పుస్తకం కొనడమే. రెండు కోర్సుల పేర్లలోనూ వాటర్ ఉంది. ఒకదాని హ్యాండ్‌బుక్ తెరిస్తే సగం నదుల వరద నమూనాలు, కంప్యూటర్ మోడలింగ్. ఇంకోదాంట్లో నీటి రసాయనం, శుద్ధి, మురుగునీటి యాజమాన్యం. ఆమెకు కావాల్సింది రెండోది. ద్రవగతిలో ఫ్లూయిడ్ మెకానిక్స్, హైడ్రాలిక్స్, హైడ్రాలజీ మూడూ కలిపి పది క్రెడిట్లు, అంటే పదిహేను ఈసీటీఎస్. ఆ కోర్సు అడిగింది పన్నెండే. గణితం సరిపోయింది. ఈసారి క్యాలిక్యులేటర్ మీద ఆమె కొట్టి చూసింది, నేనూ కొట్టి చూశాను.

మోటివేషన్ లెటర్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, కేసు అక్కడే తిరిగింది. ఆమె మొదట తెచ్చిన లెటర్ ఫోన్లో ఎవరో పంపిన నమూనా. చిన్నప్పటి నుంచి సైన్స్ అంటే మక్కువ, మీ ప్రఖ్యాత విశ్వవిద్యాలయం, ప్రపంచ స్థాయి అధ్యాపకులు, ఇట్లా సాగింది. పక్కన పెట్టి, ల్యాబ్ సంగతి నాకు చెప్పినట్టే రాయమన్నాను. నల్లగొండ టెక్నిక్ పేరు రాశావా అంటే లేదంది. ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించిన పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపి తిప్పి, పీచులా అడుగుకు దిగాక పైనీరు వడకట్టుకోవడం. బకెట్లో కూడా చేసుకోవచ్చు. ఇథియోపియా, కెన్యా, టాంజానియా దేశాల్లోనూ వాడారు. లోపాలూ ఉన్నాయి. పటిక చాలా పడుతుంది, శుద్ధి చేసిన నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది, అడుగున చేరే బురదను ఏం చేయాలన్నది సమస్య.

వారం తర్వాత ఒకటిన్నర పేజీ రాసుకొచ్చింది. నాయనమ్మ నడుం ఒక్క వాక్యంలో ఉంది. మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీళ్లు తాగుతున్నాం, కానీ పొలాల బోర్లు అవే, కూలికి పోయినవాళ్లు ఆ నీళ్లే తాగుతున్నారు అని రాసింది. తర్వాత తిన్నగా ప్రశ్న వేసింది, బురదలో చేరిన ఫ్లోరైడ్ వానలకు తిరిగి భూమిలోకి దిగుతుందా అని. ఆ ప్రశ్నకు జవాబు వెతికే పనిముట్లు మీ రెండో సెమిస్టర్ మాడ్యూళ్లలో ఉన్నాయని, వాటి పేర్లతో సహా రాసింది. ఇంగ్లిష్ కొన్నిచోట్ల తడబడింది. నేను దిద్దలేదు. స్పెల్లింగులు మాత్రం చూశాను.

మిగతా పనులు త్వరగానే అయ్యాయి. ఐఈఎల్టీఎస్ 6.5 వచ్చింది. మన చదువు పత్రాలు అసలైనవేనని జర్మనీ తరఫున ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ 2022 నవంబర్ నుంచి మన విద్యార్థులకు తప్పనిసరి, 18,000 రూపాయలు. దాన్ని అడ్మిషన్ వచ్చాక చూద్దామని వాయిదా వేయకూడదు, అన్నింటికంటే ముందు పెట్టాలి. నాలుగు దరఖాస్తుల్లో మొదటిదాని సంగతి చెప్పాను. రెండు చోట్ల జవాబు కాదనే వచ్చింది. నాలుగోది, తూర్పు జర్మనీలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 2024 జూన్‌లో సీటిచ్చింది.

బ్లాక్డ్ ఖాతా తండ్రికి అర్థం కావడానికి ఒక సాయంత్రం పట్టింది. వీసాకు అప్పట్లో 11,208 యూరోలు, మన డబ్బులో పది లక్షల పైచిలుకు, ముందే అక్కడి ఖాతాలో వేసి చూపించాలి. చేరాక నెలకు 934 యూరోల చొప్పున విద్యార్థికే విడుదలవుతుంది. ఆ సెప్టెంబర్ నుంచి దాన్ని 11,904కు పెంచారు.

"అంటే మన పైసలు మనకే ఇస్తరా?"

"అవునన్నా. ఫీజు కాదది, పిల్ల తిండికీ గది కిరాయికీ."

"మరి గంత దూరం తీస్కపోయి ఎందుకు దాసుడు?" అని కాసేపు ఆలోచించి, "తోట కాపు ముందే గుత్తకిచ్చినట్టు గావచ్చు" అని తనే తేల్చుకున్నాడు. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయేవాణ్ని.

7.5 లక్షలు బ్యాంకు ఇచ్చింది. మిగిలింది ఆ ఏటి బత్తాయి డబ్బు, తల్లి మహిళా సంఘంలో తీసుకున్న అప్పు, ఆమె పుస్తెలతాడు మీద గోల్డ్ లోన్. టికెట్టుతో కలిపి అంతా 13 లక్షల్లో తేలింది. బీసీ విద్యార్థులకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి ఉంది, 20 లక్షల వరకు ఇస్తారు, కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షలు దాటకూడదు. దరఖాస్తు పెట్టాం. కానీ లెక్కలో ఆ డబ్బును కలపలేదు, ఎవరినీ కలపనివ్వను కూడా. సీట్లు పరిమితం, ఎంపికైనా మొదటి విడత అక్కడ చేరిన కాగితాలు పెట్టాకే వస్తుంది. వీసా నాటికి చేతిలో ఉండే డబ్బు కాదది. ఆ నిధి వస్తుందనే ధైర్యంతో అప్పులు చేసి ఇరుక్కున్న కుటుంబాలను చూశాను.

2024 సెప్టెంబర్ చివర ఆమె వెళ్లింది. మొదటి సెమిస్టర్లో ఒక మాడ్యూల్ పోయింది. భూగర్భ జల ప్రవాహాల గణితం, మేము భయపడ్డదే. రెండోసారి రాసి 3.0తో గట్టెక్కింది. నీటి రసాయనంలో 1.3 వచ్చింది. ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేసుకునే వీలుంది, మొదట హోటల్లో గిన్నెలు కడిగింది, ఇప్పుడు డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లోనే గంటల లెక్కన పనిచేస్తోంది. భాష మాత్రం ఇప్పటికీ బరువే. కోర్సు ఇంగ్లిష్‌లో అయినా నగరాల నీటి సంస్థల్లో ఉద్యోగానికి జర్మన్ బీ2 దాకా కావాలి, ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో అది నాలుగోది. తను బీ1 దగ్గర ఉంది. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలల గడువిస్తారు, అది సరిపోతుందా అన్నది భాష మీదే ఉంది. బయల్దేరకముందే ఏ2 పూర్తి చేయించి ఉండాల్సింది. ఇప్పుడు వచ్చేవాళ్లకు ఏ2 లేకుండా నేను ఫైలు తెరవడం లేదు.

చేరిన రెండో వారంలో ఆమె పంపిన వాయిస్ మెసేజ్ నా ఫోన్లో ఇంకా ఉంది. క్లాసులో ఎవరెక్కడి నుంచి వచ్చారో చెప్పుకుంటున్నారట. హైదరాబాద్ అంటే తెలుస్తుందని అదే చెప్పబోయి, ఎందుకో నల్లగొండ అందట. వెనక బెంచీలోంచి ఇథియోపియా అబ్బాయి "నల్లగొండ టెక్నిక్ నల్లగొండనా?" అని లేచాడట. అది ఊరి పేరని అతనికి అప్పటిదాకా తెలియదట. "సార్, వాళ్ల ఊళ్ల గూడ బకెట్ల పటిక ఏసి తిప్పుతరట" అని చెబుతూ గొంతు పూడుకుపోయి ఆపేసింది.

ఇప్పుడు థీసిస్ అంశం ఖాయమైంది, ఆ బురద సంగతే. పోయిన శనివారం తండ్రి ఆఫీసుకు వచ్చి, తోటలోని పాత బోరు నీళ్లు లీటరు సీసాలో తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. గాజుసీసాలో వద్దు, ప్లాస్టిక్ సీసాలోనే పట్టాలని, మూడుసార్లు ఆ నీళ్లతోనే కడగాలని బిడ్డ ఫోన్లో చెప్పిందట. సీసా మీద తేదీ, బోరు లోతు, సర్వే నంబరు ఆయనే పెన్నుతో రాశాడు. సోమవారం ల్యాబ్‌కు పంపిస్తున్నాను.